ముప్పయ్యేళ్ల వయసులో కంప్యూటర్ చదువు

సిరిసిల్లలో సాంచాల పనికి భరోసా లేకుండా పోయింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు 2024లో ఆగిపోవడంతో కార్ఖానాలు మూతపడి కార్మికులు పడిన ఇబ్బందులు జిల్లా ప్రజలందరికీ తెలిసినవే. ఆ తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చినా ఏడాది పొడుగునా పని దొరుకుతుందన్న ధీమా ఎవరికీ లేదు. కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో గల్ఫ్ నుంచి తిరిగి వచ్చినవారి పరిస్థితి కూడా ఇంతే. ఈ నేపథ్యంలో ముప్పై, ముప్పై అయిదేళ్ల వారు సైతం కంప్యూటర్ నేర్చుకుని హైదరాబాదులో ఉద్యోగం సంపాదించాలని ఆలోచిస్తున్నారు. ఆలోచన తప్పు కాదు. అయితే ఏ చదువు చదవాలి, ఎక్కడ చదవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నది చెప్పే దిక్కు ఈ మూడు పట్టణాలలో లేకపోవడం విచారకరం.

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి మన పల్లెల యువకులకు అమీర్‌పేట దారి బాగా తెలిసింది. అక్కడ రెండు, మూడు నెలల కోర్సులు చదివి స్థిరపడినవారు లేకపోలేదు. కాని వారిలో అధికులు అప్పటికే బి.టెక్. గాని, ఎం.సి.ఏ. గాని పూర్తి చేసి, కంపెనీ పని నేర్చుకొనడానికి వెళ్లినవారు. ఇంటర్‌తో చదువు ఆపి పదేళ్లు సాంచా నడిపినవాడు అదే కోర్సులో చేరితే అదే ఫలితం వస్తుందనుకొనడం పొరపాటు. ఫీజు కట్టించుకునేవారు ఈ తేడా చెప్పరు.

ఉద్యోగం ఖాయమని చెప్పి ముందుగానే లక్ష, రెండు లక్షలు తీసుకునేవారు కొందరు. పని చేయని కంపెనీలో చేసినట్లు దొంగ అనుభవ పత్రం సృష్టించి బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనేవారు మరికొందరు. ఇటువంటి మోసాలపై హైదరాబాదులో పలుమార్లు పోలీసు కేసులు నమోదైనవి. పెద్ద కంపెనీలు పాత యజమానిని విచారించి, పి.ఎఫ్. ఖాతా చూసి మరీ చేర్చుకుంటాయి కనుక దొంగ పత్రం ఎన్నాళ్లో దాగదు. గల్ఫ్ వీసాల పేరిట ఏజెంట్ల చేతిలో నష్టపోయిన ప్రాంతానికి ఈ ధోరణి కొత్త కాదు. అమ్మే సరుకు మాత్రమే మారింది.

ఇంటి వద్ద వుండి బి.టెక్. పట్టా పొందవచ్చునన్న ప్రచారం మరొకటి. 2017 నవంబరులో సుప్రీం కోర్టు దీనిపై స్పష్టమైన తీర్పు ఇచ్చింది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్య ద్వారా ఇచ్చిన ఇంజనీరింగు పట్టాలలో కొన్నిటిని రద్దు చేసి, మిగిలిన వారు మళ్లీ పరీక్ష రాయవలసిందేనని ఆదేశించింది. ఏళ్ల తరబడి ఫీజులు కట్టి, పట్టా చేత పట్టుకుని ఉద్యోగాలు చేస్తున్నవారి గతి ఏమైనదో వేరే చెప్పనక్కరలేదు. ఏ విశ్వవిద్యాలయానికి ఏ కోర్సు దూరవిద్యలో నడిపే అనుమతి వున్నదో యు.జి.సి. దూరవిద్యా విభాగం ప్రకటిస్తున్నది. ఈ కోర్సులలో చేరేవారు ఆ విభాగం గుర్తింపు సంఖ్య తీసుకొనడం 2024 నుంచి తప్పనిసరి చేశారు. ఆ సంఖ్య అడగకుండా డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

అయితే సక్రమమైన దారులు లేవా? వున్నవి. ఎవరి చదువు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే లెక్క చూసుకోవాలి. పదవ తరగతి పాసైనవారు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా ఇంటర్ పూర్తి చేయవచ్చును. ఇంటర్ పాసైనవారికి ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా ఇగ్నో, వారి బి.సి.ఏ. వున్నది. మూడేళ్ల కోర్సును ఆరేళ్ల వరకు పూర్తి చేసుకునే వీలు కల్పించారు. పగలంతా పని చేసి, రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం తెరిచేవానికి ఈ గడువు చాల విలువైనది. డిగ్రీ వున్నవారు, ఇంటర్‌లోగాని డిగ్రీలోగాని గణితం చదివివుంటే, ఐసెట్ రాసి రెండేళ్ల ఎం.సి.ఏ.లో చేరవచ్చును. పాలిటెక్నిక్ డిప్లొమా వారికి ఈసెట్ ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలో ప్రవేశం వున్నది.

వీటిలో మద్రాసు ఐ.ఐ.టి. 2020లో ప్రారంభించిన ఆన్‌లైన్ డిగ్రీని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పదవ తరగతిలో ఇంగ్లీషు, గణితం చదివి ఇంటర్ పాసైన ఎవరైనా చేరవచ్చును, వయసు అడ్డు కాదు. ముందుగా నాలుగు వారాలు పాఠాలు చెప్పి పరీక్ష పెడతారు. నెగ్గినవారికే సీటు. మధ్యలో ఆపవలసి వచ్చినా మొదటి దశకు సర్టిఫికెట్, రెండవ దశకు డిప్లొమా ఇస్తారు. అల్పాదాయ వర్గాల వారికి ఫీజులో రాయితీ వున్నది. కాని పాఠాలు ఇంగ్లీషులో వుంటాయి. తెలుగు మీడియం వారికి అసలు అవరోధం అదే కాని కంప్యూటర్ కాదు.

కనుక అర ఎకరం తాకట్టు పెట్టే ముందు మూడు నెలలు ఖర్చు లేకుండా తనను తాను పరీక్షించుకొనడం మేలు. కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు మాత్రమే రుసుము. రోజుకు రెండు గంటల చొప్పున మూడు నెలలు కూర్చోలేనివారు మిత్తికి తెచ్చి లక్ష కట్టినా కూర్చోలేరు.

చేరిన తరువాత ఉద్యోగం వెంటనే వస్తుందని భ్రమ పడనక్కరలేదు. దేశంలో అతి పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ అయిన టి.సి.ఎస్. 2025 జులైలో సుమారు 12,000 మందిని తొలగించనున్నట్లు ప్రకటించింది. కృత్రిమ మేధ వచ్చి చిన్నపాటి కోడింగు పనులను తానే చేస్తున్నది. పైగా కాలేజీలలో జరిగే ఎంపికలు ఆ ఏడు పాసైన పిల్లల కోసమే. ముప్పై దాటినవాడు ఇరవై రెండేళ్ల కుర్రవానితో కోడింగులో పోటీ పడడం కన్నా, తనకు తెలిసిన పాత పనిని కంప్యూటర్‌తో జోడించుకొనడం తెలివైన పని. దుబాయిలో స్టోర్ కీపర్‌గా చేసినవానికి సరుకు లెక్కలు తెలుసు. కంపెనీల సరుకు, ఖాతాల సాఫ్ట్‌వేర్ అతనికి సులభంగా పట్టుబడుతుంది. నూలు కొనుగోలు నుంచి బట్ట అమ్మకం దాకా చూసిన ఆసామి విషయం కూడా అంతే.

బి.ఎస్సీ. చదివి పెళ్లయి ఇంటి పట్టున వున్న ఆడపడుచుల సంగతి ఎవరూ పట్టించుకొనడం లేదు. చంటిపిల్లను వదిలి అమీర్‌పేట హాస్టలులో వుండడం వారికి సాధ్యం కాదు. ఊరికి దగ్గరలో చదువు వుంటేనే వారికి చదువు.

కొండగట్టు వద్ద నాచుపల్లిలో 2007 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కాలేజీ వున్నది. సిరిసిల్లకు 2021లో మరొకటి వచ్చింది. జగిత్యాల, కోరుట్లలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు వున్నవి. ప్రజల సొమ్ముతో కొన్న కంప్యూటర్లు సాయంకాలం తరగతులు ముగిసినాక, ఆదివారాలలో, పని చేసుకుని చదువుకునేవారికి ఎందుకు ఉపయోగపడకూడదు? రెండు గంటలు ప్రయోగశాల తెరిచి, ఒక అధ్యాపకునికి అదనపు భత్యం ఇచ్చి, ఇంగ్లీషు తరగతి ఒకటి పెడితే సరిపోతుంది. ఏ కోర్సు అసలైనదో, ఏది నకిలీదో చెప్పే సలహా కేంద్రం కూడా అక్కడే వుండవచ్చును. ఉభయ జిల్లాల కలెక్టర్లు ఈ కాలేజీల ప్రిన్సిపాళ్లను పిలిచి మాట్లాడాలి. ఇగ్నో ప్రవేశాలు ఏటా జనవరి, జులైలలో జరుగుతున్నవి. వచ్చే ప్రవేశాల లోపుగానే కనీసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఒక్కొక్క గది తెరిపించాలని ఈ ప్రాంత ప్రజలు కోరుతున్నారు.