పెద్దల చేతిలో స్మార్ట్‌ఫోన్

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి ఎందరో యువకులు పొట్ట చేతపట్టుకొని విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు వలసపోతుంటారు. ఇంటిని కనిపెట్టుకొని ఉండేది వృద్ధులే. ఒకప్పుడు దూరాన ఉన్న బిడ్డల క్షేమసమాచారం ఉత్తరం రూపంలో వచ్చేది. చదువురాని వారు దానిని ఎవరి చేతనైనా చదివించుకొనేవారు. నేడు ఆ పనిని స్మార్ట్‌ఫోన్ చేస్తున్నది. మనుమరాలి ముఖమూ, బ్యాంకు సమాచారమూ, ప్రభుత్వ కబురూ దాని తెరమీదనే కనిపిస్తున్నాయి. అయినా ఆ తెర ముందు అనేకమంది పెద్దలు తప్పు చేసినవారివలె బెదురుతున్నారు. “నాకు చేతకాదు” అని తమను తామే నిందించుకొంటున్నారు. లోపం నిజంగా వారిదేనా? ఫోన్‌ను రూపొందించినవారిది కాదా?

వయస్సు పైబడినకొద్దీ శరీరంలో కలిగే మార్పులు అందరికీ తెలిసినవే. కంటిలోని కటకం పసుపుబారి, లోపలికి వెలుతురు తక్కువగా ప్రసరిస్తుంది. తెల్లని తెరపై లేత బూడిదరంగు అక్షరాలు ఆ కంటికి ఆనవు. చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నని కీచు ధ్వనులు. వేళ్ల చర్మం పొడిబారినప్పుడు తెర ఆ స్పర్శను సరిగా గుర్తించదు. చేయి కొంచెం వణికితే ఒక్కసారి తాకిన చోట రెండుసార్లు తాకినట్లవుతుంది. కాస్త నిదానిస్తే అదిమి పట్టినట్లవుతుంది. అనుకోని పట్టిక ఏదో తెరుచుకొంటుంది. వెనుకకు వచ్చే దారి తెలియక, ఏమి పాడైపోతుందోనన్న భయంతో పెద్దవారు ఫోన్‌ను పక్కన పెట్టేస్తారు.

శ్రమజీవుల విషయంలో ఇబ్బంది మరింత ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలోని పలాస జీడిపప్పు పరిశ్రమకు ప్రసిద్ధి. జీడిగింజ పెంకులోని నూనె చర్మాన్ని కాల్చే స్వభావం కలది. ఏళ్ల తరబడి ఆ పనిచేసిన వేళ్లపై ముద్రలు చెరిగిపోతాయి. నాగలి పట్టిన చేతులకూ, వల లాగిన చేతులకూ కాయలు కాస్తాయి. ఇటువంటి చేతులను వేలిముద్ర అడిగే యంత్రం గుర్తించనప్పుడు, ఒక జీవితకాలపు కష్టమే నేరమైనట్లు తోస్తుంది.

భాష సంగతి మరొకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత శ్రీకాకుళం జిల్లాలో 61.74 శాతం, విజయనగరం జిల్లాలో 58.89 శాతం. వృద్ధులలో అది ఇంకా తక్కువగా ఉండడం సహజం. చదవగలిగిన వారికైనా తెరమీది తెలుగు సులభంగా అర్థం కాదు. “ధృవీకరించండి”, “ప్రామాణీకరణ విఫలమైంది” వంటి మాటలు ఏ పల్లెలోనూ వినిపించవు. తెలుగు లిపికి పైన గుణింతపు గుర్తులూ, కింద వత్తులూ ఉంటాయి. ఆంగ్ల అక్షరాల కొలతతో గీసిన చిన్న గడిలో వాటిని ఇరికిస్తే వత్తులు తెగిపోతాయి. ప, వ అక్షరాలకు తేడా తెలియదు. నోటితో చెబుదామన్నా, “బేగి”, “ఒగ్గేయి” వంటి ఉత్తరాంధ్ర మాటలను నేర్వని యంత్రానికి ఆ పలుకు అర్థం కాదు.

ఈ సందర్భంలో గిడుగు వేంకట రామమూర్తి పంతులు జ్ఞప్తికి రాకమానరు. ఆయన 1863లో నేటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించారు. పుస్తకంలోని భాష ప్రజలకు అర్థం కాకపోతే మారవలసినది పుస్తకమే గాని ప్రజలు కారని జీవితాంతం వాదించారు. సవరలకు చదువు చెప్పడానికి తాను ముందుగా వారి భాషను నేర్చుకొన్నారు. మన్యంలో తిరుగుతూ మలేరియా బారినపడి, క్వినైను వాడి వినికిడి శక్తిని కోల్పోయినా ఆ కృషిని విడువలేదు. బోధించేవాడే ముందు నేర్చుకోవాలన్న ఆ నీతి నేటి ఫోన్ల రూపకర్తలకూ వర్తిస్తుంది.

ఇంట్లో పిల్లలు సాయం చేస్తారు గదా అని కొందరు అనవచ్చు. పిల్లలు వలసపోయిన ఇంట్లో ఆ సాయం చేసేది ఎవరు? పక్కింటి కుర్రవాడికో, దుకాణదారుకో ఫోన్ ఇచ్చి రహస్య సంఖ్యను కూడా చెప్పవలసి వస్తుంది. వారు మంచివారైతే సరే. కాకపోతే కూడబెట్టిన సొమ్ము క్షణంలో మాయమవుతుంది. సొమ్ము పోకపోయినా, తన రాబడీ తన జబ్బూ పరులకు తెలియడం ఏ పెద్దమనిషికీ రుచించదు. రేపటి వృద్ధులకు ఫోన్ అలవాటై ఉంటుంది కనుక ఈ సమస్య తానే తీరుతుందని మరికొందరి వాదన. అలవాటు ఉన్నంత మాత్రాన చత్వారం రాక మానదు, చేయి వణకక మానదు.

ఈ లోపాలు దిద్దరానివి కావు. జపానులో ఫుజిత్సు సంస్థ వృద్ధుల కోసమే “రాకురాకు” ఫోన్లను 2001 నుండి తయారుచేసింది. తరువాత వచ్చిన వారి స్మార్ట్‌ఫోన్లలో ఊరక తాకడానికీ, గట్టిగా నొక్కడానికీ తేడా తెలిసే తెరను అమర్చారు. మన దేశంలో మామూలు ఫోన్ నుండి కూడా డబ్బు చెల్లించగలిగే “యూపీఐ 123 పే” సదుపాయాన్ని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది. తాకవలసిన గుర్తు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో అక్షరాలను రెండింతల వరకు పెంచుకోవచ్చు. ఆ పెంపునకు తట్టుకొనేలా ప్రతి యాప్‌నూ రూపొందించాలి. ఒక తెరపై ఒకే పని ఉండాలి. వెనుకకు వెళ్లే బటన్ ఎప్పుడూ ఒకే చోట కనిపించాలి. డబ్బు పంపే ముందు ఎవరికి, ఎంత అన్నది వాడుక తెలుగులో వినిపించాలి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో “మన మిత్ర” పేరిట వాట్సాప్ ద్వారా సేవలను ప్రారంభించింది. అదే రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను ఇంటి గడపకు చేరుతున్నది. మనిషి వచ్చి ఇచ్చే సేవ, ఫోన్‌లో అందే సేవ రెండూ కొనసాగాలి. ఒకటి వచ్చిందని రెండవది మూతపడరాదు. డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పింది. కనుక ఇది వృద్ధులపై చూపే దయ కాదు, వారి హక్కు.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లవుతారు. వారు తాము చేసిన యాప్‌ను ముందుగా తమ వీధిలోని ముసలమ్మ చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పక్కన కూర్చొని చూడాలి. ఆమె వేలు ఆగిన ప్రతిచోటా దిద్దవలసిన తప్పు ఒకటి ఉంటుంది. ఆ తప్పు ఆమెది కాదని గ్రహించిన నాడు ఫోన్ పెద్దల చేతికి నిజంగా అందుతుంది.