స్కోన్‌లో ఐరిష్ క్రీమ్... ఆవిరయ్యేదెంత?

విదేశాల నుంచి వచ్చిన బంధువుల సూట్‌కేసులోంచి చాక్లెట్లు, సెంటు సీసాలతోపాటు అప్పుడప్పుడూ ఓ గోధుమరంగు సీసా కూడా బయటికొస్తుంది. దానిమీద ‘ఐరిష్ క్రీమ్’ అని ఉంటుంది. విస్కీ అలవాటున్న మామయ్యకి అది మరీ పాయసంలా ఉంటుంది. అలవాటు లేనివాళ్లకి అది ఎంతైనా మందే. అలా ఎవరికీ కాకుండా బీరువా పైఅరకి చేరుతుంది. అదే సీసా ఐర్లండ్, ఇంగ్లండ్ వంటిళ్లలో అయితే పిండిలోకి వెళ్తుంది. స్కోన్ల పిండిలోకి!

స్కోన్ పుట్టిల్లు స్కాట్లండ్. మొదట్లో పెనంమీద కాల్చేవారట. 1843లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే బర్మింగ్‌హామ్ మందుల షాపాయన, ఈస్ట్ పడని భార్య కోసం బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఆ తర్వాత ఓవెన్‌లో పొంగే స్కోన్లు ఇంటింటికీ వచ్చాయి. దీన్ని ‘స్కోన్’ అనాలా, ‘స్కాన్’ అనాలా అన్నది బ్రిటన్‌లో ఇప్పటికీ తేలని తగవు. డెవన్‌లో ముందు మీగడ రాసి పైన జామ్ వేస్తారు, కార్న్‌వాల్‌లో ముందు జామ్. కడుపులోకి వెళ్లాక రెండూ ఒకటేనని వాళ్లతో అంటే మాత్రం ఒప్పుకోరు.

ఇక సీసా సంగతి. ఏ ఐరిష్ పల్లెటూరి బామ్మో తరతరాలుగా దాచుకున్న రహస్యం అనిపిస్తుంది గానీ, ఐరిష్ క్రీమ్ వయసు మన ఇళ్లలో చాలామంది అమ్మానాన్నల కంటే ఎక్కువేం కాదు. డేవిడ్ గ్లక్‌మన్, హ్యూ సీమోర్-డేవిస్ అనే ఇద్దరు 1973లో లండన్‌లో ఐరిష్ విస్కీ, మీగడ, పంచదార, చాక్లెట్ పొడి కలిపి రుచి చూశారు. మరుసటి ఏడే, 1974లో, డబ్లిన్ నుంచి ‘బెయిలీస్’ పేరుతో అది మార్కెట్‌కొచ్చింది. పేరు లండన్‌లోని ఓ రెస్టారెంట్‌ది. సీసామీద సంతకం పెట్టిన బెయిలీ అనే మనిషి అసలు లేనేలేడు! అందులో ఆల్కహాల్ 17 శాతం.

తయారీకి మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడర్ రెండున్నర చెంచాలు, పంచదార 50 గ్రాములు, చిటికెడు ఉప్పు కలిపి జల్లించండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన గట్టి వెన్న 65 గ్రాములు ముక్కలుగా కోసి వేసి, గవ్వలపిండికి పట్టించినట్టు వేళ్లకొసలతో రాయండి. పిండి రవ్వలా పొడిపొడిగా కావాలి. వెన్న కరిగిపోతే స్కోన్ పొర విప్పుకోదు, గట్టి బిళ్లవుతుంది. అందుకే మన ఎండాకాలంలో పిండిగిన్నెను కూడా ఓ అరగంట ఫ్రిజ్‌లో ఉంచడం మేలు. గుప్పెడు చాక్లెట్ ముక్కలు వేయండి. 60 మి.లీ. ఐరిష్ క్రీమ్, 80 మి.లీ. చల్లటి పాలు కలిపి పోసి, చెంచాతోనే దగ్గరికి తీయండి. బొబ్బట్ల పిండిలా పిసికారో, మైదా సాగి స్కోన్ రబ్బరవుతుంది. మజ్జిగ వాడే అలవాటున్నవాళ్లు ఈసారికి పాలతోనే సరిపెట్టుకోండి, పులుపు తగిలితే ఐరిష్ క్రీమ్ విరుగుతుంది.

పిండిని రెండు సెంటీమీటర్ల మందాన చేత్తోనే అద్ది, ఎనిమిది బిళ్లలు కోయండి. గ్లాసును నిలువుగా నొక్కి తీయాలి. మెలిపెడితే అంచులు అతుక్కుని ఒకవైపే పొంగుతాయి. పైన పాలు రాసి, ముందే వేడిచేసిన ఓటీజీలో 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు. క్రీమ్‌లోనూ పంచదార ఉంటుంది కాబట్టి పైన త్వరగా రంగొస్తుంది, పన్నెండో నిమిషం నుంచి ఓ కన్నేసి ఉంచండి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ‘ఓవెన్‌లో పెట్టాం కదా, మందంతా ఆవిరైపోయి ఉంటుందిలే’ అని చాలామంది ధైర్యంగా పిల్లల చేతిలో పెట్టేస్తుంటారు. అది నిజం కాదు. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల ప్రకారం, పిండిలో కలిపి పదిహేను నిమిషాలు వేడిచేస్తే 40 శాతం ఆల్కహాల్ మిగిలే ఉంటుంది. గంటసేపు ఉడికినా నాలుగో వంతు ఉంటుంది. మన 60 మి.లీ.లో ఉన్న ఆల్కహాల్ సుమారు పది మి.లీ. బేక్ అయ్యాక నాలుగు. అంటే స్కోన్‌కి అర మి.లీ. మత్తెక్కే మోతాదు కాదు గానీ, సున్నా కూడా కాదు. పైన ఐరిష్ క్రీమ్‌తో ఐసింగ్ పోసే పద్ధతి ఉంది చూడండి, అది అసలు వేడే తగలదు, పోసిందంతా అలాగే ఉంటుంది.

అందుకని పిల్లలకు, గర్భిణులకు, మందు ముట్టని నియమం ఉన్నవాళ్లకు వేరే విడత చేయడమే సరైన పని. ‘తెలియకుండా తినేస్తార్లే’ అనుకోవడం ఎదుటివారి నియమంతో ఆడుకోవడమే. వచ్చినవాళ్లకు ముందే చెప్పండి. వేరే విడతంటే పెద్ద శ్రమేం లేదు. ఐరిష్ క్రీమ్‌లో విస్కీ తీసేస్తే మిగిలే రుచి మీగడ, కోకో, వెనీలా. రెండు చెంచాల చిక్కటి కాఫీ డికాక్షన్, రెండు చెంచాల మీగడ, చెంచా కోకో, రెండు చుక్కల వెనీలా కలిపి, 60 మి.లీ. అయ్యేదాకా పాలు పోస్తే సరి. విస్కీ ఘాటు రాదు, కానీ డికాక్షన్ చేదు ఆ లోటు చాలావరకు తీరుస్తుంది. నా ఓటైతే దీనికే.

అన్నట్టు, ఆ సీసాని 25 డిగ్రీలు దాటని చోట ఉంచాలంటారు తయారీదారులు. విజయవాడ మే నెలలో బీరువా పైఅర ఆ లెక్కలోకి రాదు. ఫ్రిజ్‌లో పెట్టండి, పిల్లలు పాలసీసా అనుకుని తీయకుండా వెనకవైపు.