స్టీరింగ్ పట్టినా అతను మన రైతే

ఈమధ్య మన గ్రామ కమిటీల సమావేశాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది: "ఈ ఏడు కౌలు వదిలేశానండీ, మళ్లీ లారీ ఎక్కుతున్నా." ఉయ్యూరు, పామర్రు, గుడివాడ వైపు ఇలా చెబుతున్నవారు ఒకప్పుడు విజయవాడ ఆటోనగర్ నుంచి లోడు ఎత్తుకుని కలకత్తా, నాగపూర్ దాకా తిరిగినవారే. పెళ్లై పిల్లలు పుట్టాక ఊరు చేరి, నాలుగైదు ఎకరాలు కౌలుకు తీసుకుని, పదేళ్లుగా స్టీరింగ్ ముట్టనివారు. సేద్యం మీద ఇష్టం చచ్చి కాదు, లెక్క కుదరక వెళుతున్నారు.

ఆ లెక్క మనకు తెలియనిది కాదు. డెల్టాలో చాలా ఊళ్లలో ఎకరా కౌలు పాతిక బస్తాలు, ఆపైన నడుస్తోంది. 2025-26కు కేంద్రం సాధారణ రకం ధాన్యానికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తాకు 1,777. ఆ ధర చేతికొచ్చినా పాతిక బస్తాల కౌలంటే 44 వేల పైమాటే. దుక్కి, నాట్లు, ఎరువు, కోత మిషను ఖర్చులు దీనికి అదనం. 2023 డిసెంబరులో మిచాంగ్, 2024 సెప్టెంబరులో కృష్ణ, బుడమేరు వరదలు, 2025 అక్టోబరులో మొంథా తుపాను. ఏటా ఏదో ఒకటి చేను మీద పడింది. నష్టపరిహారం అడుగుదామంటే కార్డు చూపమంటారు. 2019 చట్టం ప్రకారం ఆ పంట సాగుదారు హక్కు కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే పొలం పోతుందేమోనని ఆయన భయం. కార్డు లేనిదే బ్యాంకు అప్పు పుట్టదు. చివరికి రైతుకు మిగిలేది వడ్డీ వ్యాపారి, లేదంటే లారీ.

"వ్యవసాయం వదిలినవాడికి రైతు సంఘంతో పనేముంది?" అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. ఈ మాట సరైనది కాదని మేము అనుకుంటున్నాం. అతని ఇల్లు ఊళ్లోనే ఉంది, అప్పూ ఊళ్లోనే ఉంది. కౌలు చట్టం బాగుపడితే రేపే తిరిగి వస్తాడు. అతన్ని వదులుకుంటే రేపు ఆ చట్టం కోసం పోరాడేవాళ్లు తగ్గిపోతారు. అసలు రైతూ డ్రైవరూ వేర్వేరు కాదు. ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు కూర్చున్నప్పుడు, 2020 డిసెంబరు 8 భారత్ బంద్‌కు లారీ యజమానుల జాతీయ సంఘం మద్దతు ప్రకటించింది. మన ధాన్యం కల్లం నుంచి మిల్లుకు చేరేదీ డ్రైవరు చేతుల మీదుగానే.

అయితే వెళ్లేవారు కొన్ని సంగతులు తెలుసుకుని వెళ్లాలి. రవాణా వాహనాల లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాల్సిందే. పైరవీకారు చేతికి డబ్బు పోయకండి, మన కార్యాలయానికి రండి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధన 2019లోనే తీసేశారు. కాబట్టి చదువు లేదని ఎవరైనా భయపెడితే నమ్మకండి. బండి కూడా మారింది. 2018 నుంచి ఈ-వే బిల్లు, 2021 నుంచి టోల్ గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాయి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 లారీల్లో డీజిల్‌తో పాటు యూరియాతో చేసిన ద్రవం కూడా పోయాలి. అది అయిపోతే ఇంజను జోరు తగ్గిపోతుంది. పదేళ్ల విరామం తర్వాత మొదటి నెల రాత్రి ట్రిప్పులు ఒప్పుకోకండి. పగలు, దగ్గరి లోడ్లతో చెయ్యి కుదురుకోనివ్వండి.

ఇంకొక్క హెచ్చరిక. ఉన్న అరెకరం తాకట్టు పెట్టి పాత లారీ కొనకండి. పంట పోతే ఒక సీజనే పోతుంది. ఫైనాన్సు వాయిదాలు తప్పితే బండీ పోతుంది, భూమీ పోతుంది.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించరాదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. కానీ అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీల యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకు ఆ రక్షణ అందలేదు. జీతం, బత్తా, ట్రిప్పు లెక్క నోటిమాట మీద వదిలేయకుండా కాగితం మీద రాయించుకోవాలి. ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాలో చేరకుండా ఎవరూ బండి ఎక్కకూడదు.

మా ప్రతిపాదన ఇది. ప్రతి గ్రామ కమిటీ తమ ఊరి నుంచి లారీ ఎక్కినవారి జాబితా రాయాలి. వారి సభ్యత్వం కొనసాగించాలి. పిల్లల ఫీజు, ఇంటి రేషను, ఆసుపత్రి అవసరాలను కమిటీ కనిపెట్టుకుని ఉండాలి. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఒక్కటే: యజమాని సంతకంతో పని లేకుండా, గ్రామసభ నిర్ధారణతో కౌలు రైతుకు కార్డు ఇవ్వాలి. లారీ ఎక్కాలా, నాగలి పట్టాలా అన్నది రైతు తన ఇష్టంతో తేల్చుకోవాలి తప్ప, ఒక సంతకం కోసం ఊరు విడిచే స్థితి రాకూడదు.