పి తరంగమును చూడని ఇ.సి.జి. దేనికి?

పసుపు కొనే వ్యాపారి కొమ్మును విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పడు. పైమెరుగును నమ్మి కొన్నవాడు నష్టపోతాడని ఆర్మూరు వారికి నేను చెప్పనక్కరలేదు. అటువంటి మీరు, ఇ.సి.జి. కాగితముపై ఉన్న ‘నార్మల్’ అన్న ఒక్క మాట చూచి ఇంటికి ఎలా వెళ్తున్నారు? మీకన్నా ముందు, యంత్రము ముద్రించిన ఆ మాటనే తిరిగి చెప్పి మిమ్మల్ని పంపించే మా వృత్తివారిని అడగవలసిన ప్రశ్న ఇది.

హృదయములో పైన రెండు కర్ణికలు, క్రింద రెండు జఠరికలు ఉంటాయి. కుడి కర్ణిక పైభాగములో ఉండే సిరాకర్ణికా కణుపులో ప్రతి స్పందనకూ విద్యుత్ ప్రేరణ పుట్టి, ముందు కుడి కర్ణికకు, వెంటనే ఎడమ కర్ణికకు వ్యాపిస్తుంది. ఆ వ్యాప్తిని కాగితముపై చూపేదే పి తరంగము. ఆ అక్షరము పెట్టిన ఐంథోవెన్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. కర్ణికల గోడలు పలుచనివి కాబట్టి వాటి గీత కూడా చిన్నదే. సాధారణముగా ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లకు, వెడల్పు మూడు చిన్న గడులకు, అంటే 0.12 సెకనుకు మించదు. జఠరికల క్యూ.ఆర్.ఎస్. దాని ప్రక్కన గోపురములా నిలబడుతుంది. గుండెపోటు ఉన్నదా లేదా అని మాత్రమే వెదకే కన్ను ఈ చిన్న మిట్టను దాటిపోతుంది.

ఆ మిట్ట లేకపోతే? ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని వైద్యులు పిలిచే కర్ణికా ప్రకంపనములో కర్ణికలు నిమిషమునకు 350 నుంచి 600 ప్రేరణలతో వణకుతాయే గాని సరిగా ముడుచుకొనవు. పి తరంగములు మాయమై, క్యూ.ఆర్.ఎస్.ల మధ్య దూరము క్రమము తప్పుతుంది. ఎడమ కర్ణికకు అంటుకొని ఉండే చిన్న తిత్తిలో రక్తము నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ లయ ఉన్నవారికి పక్షవాతపు ముప్పు లేనివారికన్నా సుమారు అయిదింతలు. కీళ్ళవాత జ్వరము వలన మిట్రల్ కవాటము ఇరుకైనవారికి ఇంకా ఎక్కువ.

నేను పనిచేసే రోజులలో, పసుపు ఉడకబెట్టే కాలములో, మాట పడిపోయిన ఒక తల్లిని తెచ్చారు. సంచిలో మూడు ఇ.సి.జి.లు ఉన్నాయి, అన్నీ దడకు, ఆయాసమునకు తీయించినవి. మూడింటి మీదా నార్మల్ అని ఉంది. రెండింటిలో పి తరంగము ఒక్కటీ లేదు. “మూడుసార్లు తీపిచ్చినం గద సారూ” అన్నాడు కొడుకు. నాకు జవాబు తోచలేదు.

తప్పు కొంత తీసే పద్ధతిలోనే ఉన్నది. చిన్న యంత్రములతో తీసినప్పుడు ఒక్కొక్క లీడుకు మూడు నాలుగు స్పందనలు కత్తిరించి అట్టకు అతికిస్తారు. మూడు స్పందనలలో క్రమము తప్పినదో లేదో ఎవరు తేల్చగలరు? సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగముతో పది సెకనులకు పట్టేది 25 సెంటీమీటర్ల కాగితము, అంటే సుమారు జానెడు. ఆ జానెడు దగ్గరనా మన పొదుపు?

‘రోగికి ఇవన్నీ చెబితే భయపడతాడు’ అనే వైద్యులున్నారు. భయపడినవాడు మరొకమారు వచ్చి అడుగుతాడు. మాట పడిపోయినవాడు ఏమి అడుగుతాడు?

పది సెకనుల కాగితములో కనబడనంత మాత్రాన ప్రకంపనము లేదని కూడా కాదు. అది వచ్చిపోతూ ఉండవచ్చును. దడ మాటిమాటికి వస్తుంటే 24 గంటల హోల్టర్ పరీక్ష గురించి అడగండి. ఇంట్లో పెద్దవారికి మణికట్టు వద్ద, బొటనవ్రేలి వైపు, రెండు వ్రేళ్ళు ఆనించి నిమిషముపాటు నాడి చూడండి. లయ అడ్డదిడ్డముగా ఉంటే ఆలస్యము చేయవద్దు. వ్యాధి తేలినవారిలో ముప్పు ఉన్నవారికి ఆస్పిరిన్ చాలదు, రక్తము గడ్డకట్టకుండా ఆపే మందులు కావాలి. పసుపే రక్తమును పలుచబరుస్తుందని ఆ మందులు మానకండి. కూరలో పసుపు కూరకే.

ఈసారి ఇ.సి.జి. తీయించినపుడు రెండవ లీడు పొడుగు పట్టీ అడిగి తీయించండి. ‘పి తరంగము ఉన్నదా?’ అని వైద్యునిచేతనే చెప్పించుకోండి. ఆ కాగితము కొన్నాళ్ళకు వెలిసిపోతుంది కాబట్టి, ఆ రోజే ఒక నకలు తీయించి దాచుకోండి.