కాగితం ఇచ్చి కాగితం తీసుకోవాలి

రిటర్నుల గడువు దగ్గర పడిందంటే తెనాలి, మంగళగిరి, పొన్నూరు వంటి పట్టణాలలో ఆదాయపు పన్ను లెక్కలు రాసిపెట్టే చిన్న కార్యాలయాల మెట్ల మీద జనం బారులు తీరి కూర్చుంటారు. ఒక గది, రెండు బల్లలు, ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, గోడ వెంట ఫైళ్ల బీరువా. చాలా కార్యాలయాల సరంజామా ఇంతే. పల్లె నుంచి వచ్చినవారి చేతిలో బట్టల దుకాణం వారిచ్చిన సంచి ఉంటుంది. అందులో పాన్ కార్డు, ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకం, బీమా రసీదులు, నిరుటి కరెంటు బిల్లుతో సహా అన్నీ కలగలిసి ఉంటాయి. "అన్నీ ఇందులోనే ఉన్నాయండీ, మీరే చూసుకోండి" అని సంచి బల్ల మీద పెట్టి, బస్సు వేళయిందని వెళ్లిపోయేవారు ఎందరో.

ఆ సంచిలో తాము పెట్టిన కాగితాలు ఏవి, తిరిగి వచ్చినవి ఏవి, తమ పేరుతో ప్రభుత్వానికి వెళ్లిన రిటర్నులో ఏమి రాసి ఉంది అని అడిగేవారు మాత్రం తక్కువ. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతున్నాయి.

రిటర్ను రాసిపెట్టే ప్రతివారినీ "ఆడిటరు గారు" అనడం పల్లెల్లో అలవాటు. పన్ను చట్టం కోరే ఆడిట్ చేసే అధికారం చార్టర్డ్ అకౌంటెంటుకే ఉంది. రిటర్ను నింపడంలో సాయపడే పని మాత్రం లెక్కలు తెలిసిన ఇతరులూ చేస్తున్నారు. ఎవరు నింపినా, అందులోని వివరాలు నిజమని ధ్రువీకరించేది పన్నుదారే. తేడా వస్తే జవాబు చెప్పుకోవలసినదీ ఆయనే. ఈ ఒక్క విషయం గ్రామీణులు గుర్తుంచుకోవడం అవసరం.

పంటకు పన్ను లేకపోయినా...

వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు. అందుచేత తమకు ఇన్‌కంటాక్సుతో పనేమిటని అనుకునే రైతులు నేటికీ ఉన్నారు. కాని పొలం అమ్మిన సొమ్ము బ్యాంకులో డిపాజిట్టు చేస్తే దాని మీద వచ్చే వడ్డీ పంట కాదు. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన మార్పు ప్రకారం బ్యాంకు వడ్డీ ఏడాదికి రూ.50 వేలు, 60 ఏళ్లు నిండినవారికి రూ.లక్ష దాటితే పన్ను కోత పడుతుంది. పాన్ ఇచ్చినవారికి ఆ కోత 10 శాతం. ఇవ్వనివారికి 20 శాతం. రోడ్డు పనులు, భవనం పనులు చేసిన చిన్న కాంట్రాక్టర్ల బిల్లుల్లోనూ కోత ఉంటుంది. మొత్తం ఆదాయం పన్ను పరిధిలోకి రానివారికి సైతం ఒకసారి కోసిన సొమ్ము తిరిగి రావాలంటే రిటర్ను వేయడం తప్ప వేరే దారి లేదు.

పన్ను కట్టేంత ఆదాయం లేదని ఏడాది ఆరంభంలోనే బ్యాంకుకు డిక్లరేషను ఇచ్చి ఉంటే అసలు కోతే పడేది కాదు. ఎంతో కాలంగా 15జి, 15హెచ్ ఫారాలుగా జనం ఎరిగినవి ఇవే. ఏప్రిల్‌లో పది నిమిషాలతో అయ్యే ఈ పనిని వదిలేసి, తర్వాత రిఫండు కోసం ఏడాది పొడుగునా తిరగడం పల్లెల్లో మామూలయిపోయింది. తన దగ్గరకు వచ్చేవారికి ఏప్రిల్‌లోనే ఫోను చేసి ఈ మాట గుర్తుచేసే కార్యాలయం మంచి కార్యాలయం.

ఇంటిపేరు తెచ్చిన చిక్కు

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. దానిని పొడి అక్షరంతో సరిపెట్టుకోవడం తరతరాల అలవాటు. పాన్ దరఖాస్తులో మాత్రం పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఫలితంగా పాన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో పొడి అక్షరంతో ఒక పేరు, పాసుపుస్తకంలో వేరే స్పెల్లింగుతో మరో పేరు ఉంటున్నాయి. పెళ్లయిన ఆడవారికి పుట్టింటి పేరుతో పాన్, అత్తింటి పేరుతో ఆధార్ ఉండడమూ ఉంది. మనిషి ఒక్కరే అయినా కంప్యూటరు దృష్టిలో ముగ్గురవుతున్నారు.

ఇది చిన్న విషయం కాదు. ఆధార్‌తో జతచేయవలసి ఉండీ జతచేయని పాన్ కార్డులు 2023 జులై 1 నుంచి పనిచేయకుండా పోయాయి. అటువంటి పాన్ మీద రిఫండు రాదు, కోత మాత్రం ఎక్కువ రేటున పడుతుంది. ఆ తర్వాత జతచేసుకోవాలంటే వెయ్యి రూపాయల రుసుము కట్టవలసి వచ్చింది. అనుభవం ఉన్న గుమాస్తా సంచి తెరవగానే ముందు చూసేది ఆదాయం లెక్క కాదు. పాన్, ఆధార్, పాసుపుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిపోలాయా అని చూస్తాడు. తేడా ఉంటే "ముందు ఇది దిద్దించుకు రండి" అని వెనక్కి పంపుతాడు. పంపినందుకు కోపగించుకోవడం న్యాయం కాదు.

నోటీసు ఎవరి ఫోనుకు వెళుతోంది?

అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. పార్టీకి స్మార్టుఫోను లేదనో, ఈమెయిలు తెలియదనో, పని త్వరగా తెమలాలనో కొన్ని కార్యాలయాల్లో తమ ఫోను నంబరు, తమ ఈమెయిలే రాసేస్తున్నారు. రిటర్ను ఆ రోజుకు వెళ్లిపోతుంది. ఆరు నెలల తర్వాత శాఖ నుంచి ప్రశ్న వస్తే అది ఆ ఈమెయిలుకే పోతుంది. అప్పటికి ఆ కార్యాలయం ఉండవచ్చు, ఎత్తివేసి ఉండవచ్చు. పల్లెలో ఉన్న మనిషికి తనకు నోటీసు వచ్చిందనే తెలియదు. గడువు దాటిన తర్వాత తెలిస్తే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇది ఊహ కాదు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో అనేక చోట్ల తనిఖీలు జరిపింది. లేని మినహాయింపులు రాసి ఎక్కువ రిఫండు ఇప్పిస్తామని ఆశ చూపే కొందరు రిటర్ను తయారీదారులు, మధ్యవర్తులు ముఠాలుగా పనిచేస్తున్నారని ప్రకటించింది. గుంపగుత్తగా రిటర్నులు వేయడానికే తాత్కాలికంగా ఈమెయిళ్లు తెరిచి, తర్వాత వదిలేయడం వల్ల అధికారిక నోటీసులు చదివే దిక్కులేక పడి ఉంటున్నాయని కూడా ఆ ప్రకటనలో ఉంది. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40 వేల మంది తమ రిటర్నులు సరిదిద్దుకొని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములను వదులుకున్నారని శాఖ తెలిపింది.

"రిఫండు ఎంత వస్తే అందులో ఇంత శాతం నాకివ్వండి" అనేవాడి దగ్గరకు వెళ్లనే కూడదు. రిఫండు పెరిగితే తన వాటా పెరిగేవాడు లెక్కను ఉన్నదున్నట్టు రాస్తాడని నమ్మడం అమాయకత్వం. కట్టని ఇంటి అద్దె, తీసుకోని చదువు రుణం, ఇవ్వని విరాళం రాసి రూ.30 వేల రిఫండు తెప్పించాడనుకుందాం. పట్టుబడితే ఆ రూ.30 వేలూ వడ్డీతో సహా తిరిగి కట్టాలి. తప్పుడు వివరాలు ఇచ్చినందుకు చట్టంలో ఉన్న జరిమానా ఆ పన్నుకు 200 శాతం, అంటే మరో రూ.60 వేలు. వాటా తీసుకున్నవాడు అందులో ఒక్క రూపాయి కట్టడు.

ఒకప్పుడు తెల్లకాగితం మీద వేలిముద్ర వేయవద్దని పెద్దలు చెప్పేవారు. ఈనాడు ఓటీపీ కూడా అటువంటి వేలిముద్రే. రిటర్ను వేసిన తర్వాత ఫోనులో వచ్చిన ఓటీపీ చెప్పడమంటే అందులో రాసినదంతా నిజమని సంతకం పెట్టడమే. ఏమి రాశారో వినకుండా ఆ అంకెలు చెప్పకూడదు. అలాగని ఊరుకోనూ కూడదు. ధ్రువీకరణకు ఉన్న 120 రోజుల గడువును 2022 ఆగస్టు 1 నుంచి 30 రోజులకు తగ్గించారు. ధ్రువీకరించని రిటర్ను వేయనట్టే లెక్క. ఆధార్‌కు జతచేసిన పాత సిమ్ము పోయి ఓటీపీ రాక, ఆ సంగతి పట్టించుకోక, రిటర్ను వేశామనే భరోసాతో కూర్చున్నవారు నష్టపోతున్నారు.

పదేళ్ల నాటి కాగితం

కాగితం విలువ ఎంతటిదో రాజధాని గ్రామాల రైతులకు వేరే చెప్పనక్కరలేదు. 2015లో తుళ్లూరు, మంగళగిరి ప్రాంతాల రైతులు భూసమీకరణలో పొలాలిచ్చారు. దానివల్ల కలిగే మూలధన లాభానికి పన్ను లేకుండా కేంద్రం 2017లో చట్టాన్ని సవరించింది. కాని అది షరతులతో కూడిన మినహాయింపు. 2014 జూన్ 2 నాటికి ఆ భూమి తన పేర ఉండాలి. తిరిగి ఇచ్చిన ప్లాటు అమ్మితే, ఆ ప్లాటు స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మిన లాభానికే మినహాయింపు. ఆ తర్వాత అమ్మితే లెక్క వేరు. రెండేళ్లు నిండిన నాటి ప్రభుత్వ విలువను కొన్న ధరగా తీసుకొని, ఆపైన వచ్చినదాన్ని లాభంగా లెక్కకడతారు.

కనుక ఆ రైతు పన్ను ఎంత అనేది రెండు తేదీల మీద, వాటిని చూపే కాగితాల మీద ఆధారపడి ఉంది. నాటి పాసుపుస్తకం, దస్తావేజు, సమీకరణ యాజమాన్య పత్రం, ప్లాటు స్వాధీన పత్రం ఎవరి దగ్గర ఉన్నాయి? ఏనాడో ఒక కార్యాలయంలో ఇచ్చి మరచిపోయారా? అసలు కాగితాలు ఇంటి బీరువాలోనే ఉండాలి. కార్యాలయానికి నకళ్లు చాలు.

తప్పు ఒకవైపే లేదు

నిజాయితీగా పనిచేసే కార్యాలయాల కష్టాలు కూడా చెప్పుకోవాలి. ఏడాదంతా ఊరుకొని అందరూ ఆఖరి వారంలో మీదపడితే ఒకరిద్దరు గుమాస్తాలు ఏమి చేయగలరు? గడువు ఎలాగూ పెంచుతారులే అనే ధీమా ఒకటి. 2025లో జులై 31 గడువును సెప్టెంబరు 15కు, చివరికి ఒకే ఒక్క రోజు కలిపి 16కు పెంచారు. అప్పటికీ ఆఖరి రోజు తొక్కిసలాట తప్పలేదు.

ఆదాయం దాచిపెట్టడం మరొకటి. రెండో బ్యాంకులో డిపాజిట్టు ఉందని చెప్పరు. 2021 నవంబరు నుంచి వడ్డీ, డివిడెండ్లు, స్థలాల అమ్మకాలు వంటివి వార్షిక సమాచార పట్టికలో శాఖకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆడిటరుకు చెప్పనిది శాఖకు తెలిసి ఉంటుంది. ఇక పక్కింటాయనకు రిఫండు వచ్చింది, నాకెందుకు తెప్పించలేదని నిలదీసేవారున్నారు. రాదని నిజం చెప్పినవాడిని వదిలి, తెప్పిస్తానన్నవాడి దగ్గరకు పోతున్నారు. ఫీజు దగ్గర సరేసరి, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. ఇలా నిజం చెప్పేవాడు పార్టీలను పోగొట్టుకుంటూ, అబద్ధం రాసేవాడు బాగుపడుతూ ఉంటే చివరకు పట్టణంలో మిగిలేది ఎవరో వేరే చెప్పాలా?

చేయవలసినది ఇదీ

దీనికి పెద్ద చదువులు అక్కరలేదు. కాగితాలు ఇచ్చిన రోజున ఏవేవి ఇచ్చారో ఒక చీటీ రెండు ప్రతులు రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, చెరొకటి ఉంచుకోవాలి. జిరాక్సు తీసి అసళ్లు అదే రోజు తెచ్చుకోవాలి. ఫోను నంబరు తనదో, ఇంట్లో చదువుకున్న బిడ్డదో ఇవ్వాలి. రిటర్ను పంపేముందు ఆదాయం ఎంత రాశారు, ఏ మినహాయింపులు రాశారు, పన్ను ఎంత, రిఫండు ఎంత అని తెలుగులో చదివి వినిపించమనాలి. పంపిన తర్వాత రిటర్ను ప్రతి, రసీదు, ధ్రువీకరణ అయినట్టు కాగితం తెచ్చుకొని ఏడాదికొక కవరు చొప్పున దాచుకోవాలి. ఫీజు ముందుగా మాట్లాడుకొని, ఇచ్చినదానికి రసీదు తీసుకోవాలి. వీటికి విసుక్కునే కార్యాలయాన్ని వదిలేయడమే మంచిది.

కార్యాలయాలవారు కూడా తమ రేట్లు బోర్డు మీద రాసిపెడితే, నోటీసు వచ్చిన రోజునే పార్టీకి కబురు పెడితే వారికే గౌరవం. శాఖ తన వంతుగా గ్రామీణులకు పంపే నోటీసుల సారాంశం తెలుగులో తెలిపి, జవాబు రానప్పుడు తపాలా ద్వారా ఇంటికి ఉత్తరం పంపాలి. అర్థంకాని భాషలో, తెరవని ఈమెయిలుకు పంపి, జవాబివ్వలేదని జరిమానా వేయడం సమంజసం కాదు.

1961 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేసింది. 2026 ఏప్రిల్ 1 దాని అమలు తేదీ. సెక్షన్ల నంబర్లు మారతాయి, ఫారాల పేర్లు మారతాయి. వాటిని గుర్తుపెట్టుకోవడం కార్యాలయాలవారి పని. సంచి నిండా కాగితాలు ఇచ్చి వట్టి చేతులతో బస్సెక్కకుండా ఉండడం పల్లెవారి పని.