వెనక్కి తిరిగే అంకె ముందే రాసుకున్నారా?

గడ్డకట్టిన రోడ్డు మీద బైక్ జారుకుంటూ వెళ్తుంటుంది. రైడర్ గడ్డం నిండా మంచు. వెనకాల హోరెత్తే మ్యూజిక్. ముప్పై సెకన్ల రీల్. కింద కామెంట్లన్నీ ఒకటే మాట: ‘గట్స్ ఉండాలి బ్రో!’ నేనూ ఒకప్పుడు అలాంటి కామెంట్లు పెట్టినవాణ్నే. ఇప్పుడు మాత్రం ఆ రీల్‌లో కనిపించని నెలల గురించి అడగాలనిపిస్తుంది. పెట్రోలు లెక్క ఎవరు వేశారు? బండి ఆగిపోతే ఏం చేద్దామనుకున్నారు? ఎక్కడిదాకా వెళ్లి, ఏ పరిస్థితిలో వెనక్కి రావాలనుకున్నారు?

ఇలా అడగడానికి కారణం ఉంది. ఇద్దరు క్లాస్‌మేట్లు, నేను కలిసి ఇలాంటి యాత్రకు ఆరు నెలలు ప్లాన్ వేశాం. ఒకడు ఎమ్మెస్ చేసి అమెరికాలోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఐడియా వాడిదే. మొదట మా కన్ను కెనడాలోని ఇనువిక్ - టుక్టోయాక్టుక్ ఐస్ రోడ్డు మీద పడింది. మెకంజీ నది, సముద్రం గడ్డకట్టాక వాటిమీదే వేసే దారి. వీడియోలు చూసి రోజుకు ఎన్ని కిలోమీటర్లో కూడా పంచేసుకున్నాం. తీరా చూస్తే ఆ రోడ్డు 2017లోనే ఆగిపోయింది. ఆ ఏడాది నవంబరులో నేల మీద ఏడాదంతా నడిచే రోడ్డు తెరిచారు. లేని రోడ్డుకు మూడు వారాలు ప్లాన్ వేశామన్నమాట! పాత సిలబస్ పట్టుకుని పరీక్షకు చదివినట్టే.

ఇనువిక్ నుంచి అక్లావిక్ వెళ్లే ఐస్ రోడ్డు మాత్రం ఇంకా వేస్తున్నారు. అక్కడే మంచు లెక్క నేర్చుకున్నాం. మంచు మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని అదే అంకెతో హెచ్చించి, మళ్లీ 4తో గుణిస్తే ఎన్ని కిలోలు మోస్తుందో వస్తుంది. దీన్ని గోల్డ్ ఫార్ములా అంటారు. 10 సెంటీమీటర్లకు 400 కిలోలు, 20కి 1,600. మందం రెట్టింపైతే బలం నాలుగు రెట్లు. బైకు, మనిషి, సామాను కలిపి 350 కిలోలు, కాబట్టి 10 సెంటీమీటర్లు చాలు అని మావాడు తేల్చేశాడు. పరీక్షలో అయితే ఫుల్ మార్కులు. కానీ ఆ లెక్క గాజులా నిగనిగలాడే గట్టి మంచుకు. తెల్లగా, గాలి బుడగలతో ఉండే మంచు బలాన్ని సగంగానే లెక్కేస్తారు. బండి వేగంగా వెళ్తే మంచు కింద నీటిలో అల లేస్తుంది, అదీ మంచును పగలగొట్టగలదు. ఒకేచోట ఎక్కువసేపు ఆపితే మెల్లగా కుంగుతుంది. అందుకే అక్కడ వేగానికీ, బరువుకూ పెట్టిన బోర్డులే ఫైనల్, మన ఫార్ములా కాదు.

చివరికి అలాస్కాలోని డాల్టన్ హైవే ఖాయం చేసుకున్నాం. 1974లో చమురు పైప్‌లైన్ పనుల కోసం వేసిన 666 కిలోమీటర్ల రోడ్డు అది. డిసెంబరులో ఉత్తరం చివర సూర్యుడే ఉదయించడు కాబట్టి మార్చి అనుకున్నాం. అప్పటికి పగలు దాదాపు 12 గంటలు ఉంటుంది. చలి మాత్రం అలాగే ఉంటుంది. ఆ దారిలోని ప్రాస్పెక్ట్ క్రీక్‌లో 1971 జనవరిలో మైనస్ 62 డిగ్రీలు నమోదైంది.

కోల్డ్‌ఫుట్ దాటితే డెడ్‌హార్స్ వరకు 386 కిలోమీటర్లు పెట్రోలు బంకు లేదు. లీటరుకు 25 ఇచ్చే బండి ఆ చలిలో 20 ఇస్తుందనుకుంటే 19 లీటర్ల పైనే కావాలి. మేం చూసిన బండి ట్యాంకు 15. రెండు 5 లీటర్ల క్యాన్లు కట్టుకుంటే సరి. ఇది తేలికైన లెక్క. అసలు సమస్య గాలి. మైనస్ 30లో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి మైనస్ 50లా ఉంటుంది. బయటకు కనిపించే చర్మం రెండు నుంచి ఐదు నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. అందుకని హీటెడ్ జాకెట్ 90 వాట్లు, గ్లవ్స్ 30, గ్రిప్స్ 40 అని రాసుకున్నాం. మొత్తం 160 వాట్లు. ఇంజిన్‌కూ, హెడ్‌లైట్‌కూ పోగా చిన్న బైకు ఆల్టర్నేటర్‌లో అంత మిగలదు. ఇంజినీరింగ్‌లో చదివిన కరెంటు నాకు నిజంగా అర్థమైంది అప్పుడే, ఒట్టు.

వెనక్కి తిరిగే రూల్స్ కూడా ఇంట్లో కూర్చునే రాశాం. ఉదయం మైనస్ 35 కన్నా తక్కువుంటే బయల్దేరొద్దు. కోల్డ్‌ఫుట్ నుంచి అటిగన్ కనుమ దాకా 110 కిలోమీటర్లు. అక్కడికి 6 లీటర్లకు మించి తాగితే, ఎవరెంత బతిమాలినా వెనక్కే. ఇంట్లోనే ఎందుకంటే, చలిలో అలసిపోయిన బుర్ర ‘ఇంకొంచెం దూరమే కదా’ అని బేరం మొదలుపెడుతుంది.

ఇక ఒక వరస మిగిలింది. బండి ఆగిపోతే సాయం వచ్చేసరికి ఎన్ని గంటలు? మా బట్టల్లో కదలకుండా ఎన్ని గంటలు ఉండగలం? ఆ దారిలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ లేదు. వెనకాల మా వ్యాన్ ఏదీ రాదు. ఎంత ఆశగా వేసినా మొదటి అంకే పెద్దదిగా వచ్చింది. యాత్ర రద్దు చేశాం. అప్పటికే లీవు పెట్టుకున్న అమెరికా ఫ్రెండ్ నెల రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘మీరు పూర్తి చేయని ప్రాజెక్టు చెప్పండి’ అన్నారు. ఈ షీటు గురించి చెప్పాను. ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు. ఆ గంటల అంకె ఎక్కడి నుంచి తెచ్చావు, తప్పయితే ఎలా తెలుస్తుంది అని. ఆ ఉద్యోగం రాలేదు, అది వేరే విషయం. కానీ రెజ్యూమెలో ‘హాబీ: బైక్ రైడింగ్’ అని రాస్తే ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగరు.

ఇదంతా డబ్బున్నోళ్ల సరదా అంటారేమో. యాత్రకు డబ్బు కావాలి, నిజమే. షీటుకు అక్కర్లేదు. ‘గమ్యం చేరేదాకా వెనక్కి తిరగొద్దు’ అనే మోటివేషన్ మాటలతోనే నాకు పేచీ. నా రూమ్మేట్ ఒకడు గ్రూప్స్‌కు నాలుగో ఏడాది ప్రిపేర్ అవుతున్నాడు. తెలివైనవాడే. ‘ఎన్ని అటెంప్ట్‌ల దాకా చూస్తావు, ఎంత అప్పు దాకా?’ అని అడిగితే కోపం వచ్చింది. మొదటి ఏడాదే అడిగి ఉంటే నవ్వుతూ చెప్పేవాడు. మీరు ఏ ప్రిపరేషన్‌లో ఉన్నా, బుర్ర ఇంకా బేరాలు మొదలుపెట్టకముందే ఆ అంకె ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఎవరికైనా ఇవ్వండి.

మా షీటు ఇంకా డ్రైవ్‌లో ఉంది. ఆ చివరి వరస ఇంకా ఎరుపులోనే ఉంది. సహాయ వాహనంతో వచ్చే వాళ్లెవరైనా దొరికితే చెప్పు అని మొన్న అమెరికా నుంచి మెసేజ్ వచ్చింది.