ట్రిగ్గరు బిగువు

బాగేపల్లి నుంచి మా మిత్రులొకరు పోయిన నెల పని మీద చింతామణి వచ్చి, కాఫీకి మా యింట ఆగారు. తండ్రిగారి రివాల్వరుకు చిక్కబళ్ళాపురం డి.సి. కచేరీనుంచి తమ పేర లైసెన్సు వచ్చినదట. "అంతా బాగున్నది గాని స్వామీ, ట్రిగ్గరు లాగితే వేలు నొప్పి పుడుతున్నది. మెత్తని స్ప్రింగు వేస్తానని మా వూరి మోటారు మెకానిక్కు అంటున్నాడు" అన్నారు. మాకు గుండె ఝల్లుమన్నది.

ట్రిగ్గరు ఒక్కటే అయినా దాని పనులు మూడు. తూటాల చక్రం ఒక గది తిరగాలి, సుత్తి వెనక్కు లేవాలి, ఆపైన జారి ముందుకు పడాలి. ఆ సుత్తిని విసిరేది పెద్ద స్ప్రింగు. వేలికి తగిలే బిగువులో చాలా భాగం దానిదే. సుత్తిని ముందే బొటనవేలితో ఎత్తి పెడితే మూడు నాలుగు పౌన్లతో పని తీరుతుంది. లేకుంటే పది పన్నెండు పౌన్లు లాగవలసి రావడం మామూలే. స్ప్రింగు మెత్తనిదైతే వేలికి సుఖం, నిజమే. కాని సుత్తి దెబ్బ కూడా మెత్తబడుతుంది గదా! తూటా అడుగున వుండే ప్రైమరు గట్టి దెబ్బకే అంటుకుంటుంది. దెబ్బ చాలకపోతే "టిక్కు"మని ఊరుకుంటుంది. ఒక్కొక్కప్పుడు క్షణం ఆగి పేలుతుంది కూడాను. పేలలేదేమని గొట్టంలోకి తొంగిచూచేవారిని దేవుడే కాపాడాలి. ట్రిగ్గరును తిరిగి యథాస్థానానికి తెచ్చే చిన్న స్ప్రింగు బలహీనమైతే రెండో తూటా పేల్చబోయేసరికి అది మొరాయిస్తుంది.

అసలు జబ్బు స్ప్రింగుది కాకపోవచ్చును. ఏండ్ల తరబడి బీరువాలో పడివుంటే నూనె జిగురై పట్టుకొంటుంది. మా యింటి కుట్టుమిషను అట్లాగే బిగుసుకుంటే, శ్రీమతి కిరసనాయిలుతో కడిగి రెండు చుక్కలు నూనె వేయగానే పరుగెత్తినది. ముందు శుభ్రం చేయించమన్నాము, అదీ లైసెన్సుగల తుపాకుల దుకాణంలో. 1959 నాటి ఆయుధాల చట్టం అయిదవ సెక్షను ప్రకారం లైసెన్సు లేనివారు మరమ్మతు చేయరాదు, మెకానిక్కు ఎంత పనివాడైనా సరే.

"పోనీ, వేరుశనగ చేలో అడవిపందులకైనా పనికివస్తుందా?" అన్నారు. పంట కాపలాకు ఆ చట్టం చెప్పినది గొట్టంలో మందు దట్టించే నాటు తుపాకి, రివాల్వరు కాదు.

అంతవరకు మాట్లాడని వారి యిల్లాలు అప్పుడు నోరు విప్పారు. "ఆ బిగువు అట్లాగే వుండనీయండి, అన్నా! మొన్న మా అయిదేండ్ల మనవడు బీరువా తెరిచి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. లోపల తూటాలున్నవి." మిత్రులు కాఫీ లోటా కింద పెట్టి తల దించుకున్నారు.

మొన్న ఆదివారం ఫోను చేశారు. బెంగుళూరులో లైసెన్సుగల దుకాణంలో విప్పి కడిగించారట; బిగువు కొంత తగ్గినదట. స్ప్రింగు పాతదే. తూటాలు వేరే పెట్టెలో చేరినవి. బీరువాకు కొత్త తాళం వేశారు, చెవి మాత్రం యిల్లాలి కొంగున వున్నదట.